ఏం కొనాలని అడిగావు కదా

ఏరా మాస్టారూ,

నీ ఉత్తరం అందింది. బోధనోపకరణాల కొనుగోలు మొత్తం నీ నెత్తిన పెట్టారన్నమాట! ఒకపక్క స్మార్ట్ బోర్డుల కేటలాగు, ఇంకోపక్క చార్టుల కట్టలు పెట్టుకుని కూర్చున్నానని రాశావు. పైగా "డిజిటలా, మామూలువా, ఒక్క ముక్కలో తేల్చెయ్" అన్నావు. ఒక్క ముక్కలో తేలేదైతే స్టాఫ్‌రూముల్లో ఇన్నేళ్లుగా ఈ గొడవెందుకుంటుందిరా? తీరిగ్గా కూర్చుని చదువు.

ఏ వస్తువు చేతికొచ్చినా నేను ముందు చూసేది ఒక్కటే. దాన్ని నా పాఠానికి తగ్గట్టు కోసుకోవచ్చా, లేదా? ఎవరో తయారుచేసిన పాఠాన్ని ఉన్నదున్నట్టు వాడే టీచరును నేనింతవరకు చూడలేదు. వీడియోలో మధ్యనున్న రెండు నిమిషాలు చూపించి ఆపేస్తాం. వర్క్‌షీటులో తేలిక లెక్కలు కొట్టేసి మనవి రెండు చేరుస్తాం. చార్టు మీద పేర్లు కనపడకుండా కాగితం ముక్కలంటించి "ఇదేంటో చెప్పండర్రా" అంటాం. ఈ పని చెయ్యనివ్వని సరుకు ఎంత తళతళలాడినా బీరువా దాటి బయటికి రాదు. నల్లబల్ల ఇంకా బతికుందంటే కారణం ఇదే. దాని మీద చెరపలేనిదంటూ ఏదీ లేదు.

రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ పరిశోధకుడు 1983లో ఈ గొడవ మీద ఓ మాటన్నాడు. పాఠాన్ని మోసుకొచ్చే సాధనం సరుకులు తెచ్చే లారీ లాంటిదట, లారీ మారినంత మాత్రాన మన ఒంటికి పట్టే బలం మారదట. బాగానే ఉంది గానీ, నేను పూర్తిగా ఒప్పుకోను. కరెంటు పాఠమే తీసుకో. బల్బు కొంత కరెంటును తినేస్తుందని, అవతలి తీగలోకి తక్కువ వెళ్తుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. అసలు బ్యాటరీ, అసలు తీగలు ఇచ్చి చూడు. బల్బు వెలుగుతుంది, ఆ నమ్మకం మాత్రం చెక్కుచెదరదు. తీగలోపల ఏం నడుస్తోందో కంటికి కనపడదు కదా! కంప్యూటర్ తెర మీదే ప్రయోగం చేసి చూపించే ఫెట్ సిమ్యులేషన్‌లో మాత్రం బల్బుకు ముందూ వెనకా చుక్కలు ఒకే వేగంతో నడుస్తూ కనిపిస్తాయి. ఆ ఫెట్‌ను నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టాడు. వెబ్‌సైటులో ఉన్నవి ఉచితం, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, సిమ్యులేషన్‌తో సర్క్యూట్లు నేర్చుకున్న కాలేజీ విద్యార్థులు అసలు పరికరాలతో నేర్చుకున్నవాళ్ల కంటే మెరుగ్గా రాశారు. అంతేకాదు, నిజం తీగలిచ్చి సర్క్యూట్ కట్టమన్నా వాళ్లదే పైచేయి. చిన్న పిల్లలకూ అలాగే ఉంటుందని నేననను. పైగా వదులుగా ఉన్న తీగను, అయిపోయిన బ్యాటరీని వెతికి పట్టుకునే ఓపిక తెర మీద అలవడదు. అందుకని నా క్లాసులో ముందు తెర, తర్వాత తీగలు.

త్రిభుజాల దగ్గరికొచ్చేసరికి నా వరస తిరగబడుతుంది. ప్రతి పిల్లాడూ తనకు తోచిన త్రిభుజం కాగితం మీద గీసి, కత్తిరించి, మూడు మూలలూ చింపి పక్కపక్కన పేరుస్తాడు. సరళరేఖ, అంటే 180 డిగ్రీలు, వస్తుంది. వచ్చీరానట్టు వస్తుందిలే, మధ్యలో సన్నటి సందు ఉంటుంది. ఆ తర్వాత బొమ్మలు గీసి కదిలించే జియోజెబ్రా సాఫ్ట్‌వేర్ తెరిచి, త్రిభుజంలో ఒక శీర్షాన్ని పట్టుకుని లాగుతాను. కోణాలు చకచకా మారుతుంటాయి. ఓసారి ముందు వరసలో కూర్చున్న పిల్ల తెర మీది మూడు అంకెలూ కూడి "సార్, 180.01 వచ్చింది" అంది. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కో కోణాన్ని రెండు దశాంశ స్థానాలకు సవరించి చూపిస్తుంది, ఆ మూడు సవరణలూ కలిస్తే అప్పుడప్పుడు ఆ చిల్లర మిగులుతుంది. కాగితంలో సందు, కంప్యూటర్లో 0.01. మరి తప్పెవరిదంటూ క్లాసంతా లేచింది. నేను చాక్‌పీసు తీసుకుని నిరూపణ మొదలుపెడితే అంత శ్రద్ధగా విన్న రోజు ఇంకోటి లేదు. ఆ పీరియడ్‌లో కత్తెర, ప్రొజెక్టర్, నల్లబల్ల మూడూ పనికొచ్చాయి. వాటిలో ఏది డిజిటలో ఎవడికి కావాలి చెప్పు?

చేత్తో పట్టుకునే వస్తువులన్నీ మంచివేననే భ్రమ కూడా వద్దు. డబ్బు లెక్కలకు అచ్చం అసలు నోట్లలాంటి బొమ్మనోట్లు కేటలాగులో ఉంటాయి చూడు, ముద్దొస్తాయి. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, అలాంటి నోట్లూ నాణేలూ చేతికిచ్చిన పిల్లలు అవేవీ లేకుండా చేసినవాళ్ల కంటే ఎక్కువ తప్పులు చేశారు. అయితే లెక్క అర్థంకాక చేసే తప్పులు మాత్రం వాళ్లలో తక్కువట. బొమ్మ ఎంత అందంగా ఉంటే ధ్యాస అంత దాని మీదికే పోతుందని నాకనిపిస్తుంది. నేనైతే తెల్లకాగితం ముక్కల మీద అంకెలు రాసి ఇస్తాను.

చదివే పాఠాలకు కాగితమే. ఇందులో నాకు పెద్దగా సందేహం లేదు. 2018లో పరిశోధకులు 54 అధ్యయనాలను కలిపి చూశారు. లక్షా డెబ్బై వేలకు పైగా పాఠకులు! సమాచారం ఉన్న పాఠాలు కాగితం మీద చదివినవాళ్లకే ఎక్కువ అర్థమైంది, ఇంత టైములోనే అని గడువు పెట్టి చదివించినప్పుడు తేడా ఇంకా పెరిగింది. కథలకైతే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి సైన్సు, సోషల్ పాఠాలు ప్రింట్ తియ్యి, కథలు ఎక్కడైనా చదవనివ్వు.

ఇక ఆయుష్షు సంగతి. కేటలాగులో ఎవరూ రాయనిది ఇదే. ఫ్లాష్ యానిమేషన్లు గుర్తున్నాయా? గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం పేలడం, సూర్యగ్రహణం... ఏళ్ల తరబడి పోగేసుకున్నాం. 2020 డిసెంబరు 31తో అడోబ్ కంపెనీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది, ఆ ఫోల్డర్లన్నీ బ్రౌజర్‌లో తెరుచుకోకుండా పోయాయి. ఫెట్ వాళ్లు తమవి చాలా వరకు ఇప్పటి బ్రౌజర్లలో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్5లో మళ్లీ రాసుకున్నారు కాబట్టి గట్టెక్కారు. గోడ మీది గుండె చార్టుకు మాత్రం మూల కొంచెం చిరిగిందంతే. ఏటా చందా కట్టే యాప్ ఏదైనా తీసుకునేటప్పుడు ఒక్కటి అడుగు: చందా ఆపేస్తే మా టీచర్లు తయారుచేసుకున్న పాఠాలు మా చేతికొస్తాయా? జవాబు చెప్పడానికి నసిగితే కేటలాగు మూసెయ్.

లైసెన్సు కూడా చూడరా, విసుక్కోకు. తమ పనిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో చేసినవాళ్లే ముందుగా చెప్పే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు 2002 నుంచీ ఉన్నాయి. "సీసీ బై" అని ఉంటే చేసినవాళ్ల పేరు చెప్పి, మార్చుకుని, పక్క స్కూలుకూ పంచుకోవచ్చు. చివర "ఎన్‌డీ" (నో డెరివేటివ్స్) అని ఉందనుకో, మార్చినదాన్ని నలుగురికీ పంచే హక్కు లేదు. ఉచితమే కదా అని దించుకున్న పీడీఎఫ్‌లో ఒక్క లెక్క మార్చాలంటే మొత్తం మళ్లీ టైపు చేసుకోవాల్సిన కర్మ మనకు కొత్తా? అందుకే అదే వర్క్‌షీటు వర్డ్ ఫైలుగా దొరికితే నాకు సగం పని తగ్గుతుంది.

గ్లోబు తప్పకుండా కొను. చదునైన గోడ మ్యాపుల్లో, ముఖ్యంగా మెర్కేటర్ మ్యాపులో, గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు. గ్లోబు మీద దారం పెట్టి దూరాలు కొలిపించు, విమానాలు వెళ్లే దారులు గోడ మ్యాపు మీద వంకరగా ఎందుకు కనిపిస్తాయో వాళ్లే చెబుతారు. రంగుల చార్టులు అన్ని సబ్జెక్టులకూ అక్కర్లేదు. ఖాళీ చార్టులు, స్కెచ్ పెన్నులు ఎక్కువ తెప్పించు.

స్మార్ట్ బోర్డు గురించి ఇంకా చెప్పలేదని తిట్టుకుంటున్నావేమో. మీ గదుల్లో మధ్యాహ్నం ఎండ ఎటునుంచి పడుతుందో చూశావా? కర్టెన్లు లేని గదిలో ప్రొజెక్టర్ పెడితే వెనక బెంచీలకు తెల్లగోడే దిక్కు. ముందు ఒక్క గదికి తీసుకో, ఎవరు వాడుతున్నారో ఒక టర్మ్ చూడు, ఆపైన మిగతా గదుల సంగతి. వాడేవాళ్లతో అరగంట కూర్చుని నేర్పేదెవరో కూడా ఆర్డరు ఇచ్చే ముందే తేల్చుకో.

నీ లిస్టు ఖరారయ్యాక నాకోసారి పంపు, గీతలు కొట్టడానికి ఎర్ర పెన్ను సిద్ధంగా ఉంది. త్రిభుజాల షీటు వర్డ్ ఫైలుగా వేరే పంపుతున్నాను. నీ పిల్లలకు తగ్గట్టు మార్చుకుని, ఆ మార్చింది నాకూ పెట్టు.

ఉంటానురా. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ
లెక్కల మాస్టారు