సయనోటైప్‌ను కళ కాదని తోసిపుచ్చడం తగదు

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో ఇటీవల జరిగిన ఒక చిత్రకళా పోటీలో సయనోటైప్ అచ్చులను, అంటే రసాయనం పూసిన కాగితం మీద ఎండతో తెచ్చే నీలి బొమ్మలను, తీసుకోలేదు. బొమ్మను ఎండ వేసింది, మనిషి వేయలేదు అన్నది నిర్వాహకులు చెప్పిన కారణం. బహుమతుల సంగతి అలా ఉంచితే, ఈ వాదన నాకు ఏమాత్రం మింగుడుపడలేదు.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రీసయనైడ్ అనే ఇనుప లవణాల ద్రావణాలను కలిపి, మసక వెలుతురులో కాగితానికి పూసి ఆరబెడతారు. దాని మీద ఆకునో నెగెటివ్‌నో ఉంచి, గాజుపలక బిగించి ఎండలో పెడతారు. తరువాత మామూలు నీళ్లలో కడిగితే, ఎండ తగలనిచోట పూత కరిగిపోయి తెల్లకాగితం బయటపడుతుంది. తగిలినచోట ప్రష్యన్ నీలం అనే ముదురు నీలిరంగు మిగులుతుంది. ఇంతవరకు రసాయనమే. కానీ గాజు కింద అదిమిపెట్టిన ఆకు అంచు కత్తితో కోసినట్టు పడుతుంది, కాగితానికి ఆనని తొడిమ పొగలా పలచబడుతుంది. ఏది అదమాలి, దేన్ని తేలనివ్వాలి, ఎప్పుడు ఎండలోంచి తీయాలి అన్న నిర్ణయాలు మనిషివే. అచ్చు బాగుండేదీ చెడేదీ వాటి వల్లనే.

మన శ్రీకాళహస్తి కలంకారీనే చూడండి. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీస్తే నల్లని గీత వస్తుంది. ఆ బట్టను పారే నీటిలో జాడించి ఎండలో ఆరవేస్తారు. అక్కడా ఇనుమే, నీళ్లే, ఎండే. అయినా ఆ పనితనాన్ని ఏటి ఖాతాలో ఎవరూ వేయరు. కలంకారీలో గీత మనిషిదే కదా అంటారా? సయనోటైప్‌లో కూర్పు మనిషిది.

సయనోటైప్ పద్ధతిని 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్ బ్రిటన్ సముద్రపు నాచుమొక్కలను ఇలా అచ్చువేసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టారు. ఆమె ఉద్దేశం వృక్షశాస్త్రం. ఆ పుటలను చూసినవారెవరూ శాస్త్రం దగ్గరే ఆగిపోలేరు. నీలం మీద తేలే ఆ సన్నని తెల్లని పోగులు నీళ్లలో ఇంకా కదులుతున్నట్టే ఉంటాయి. 2018లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఆమె పని మీదే ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఈసడింపులూ పాతవే. విధ్వంసకుడు తప్ప మరెవరూ ప్రకృతి దృశ్యాన్ని సయనోటైప్‌లో అచ్చువేయరని ఛాయాగ్రాహకుడు పీటర్ హెన్రీ ఎమర్సన్ 1889లోనే రాశారు. ఆ తరువాతి కాలంలో అమెరికా చిత్రకారులు రాబర్ట్ రౌషెన్‌బర్గ్, సూజన్ వైల్ ఇదే పద్ధతిలో పనిచేసే బ్లూప్రింట్ కాగితం మీద మనిషిని పడుకోబెట్టి దీపం వెలుగుతో నిలువెత్తు బొమ్మలు తీశారు. ఇంజనీర్ల నకళ్ల కోసం తయారైన కాగితమది.

ఫెర్న్ ఆకు పెట్టి తీసిన ప్రతి అచ్చూ గొప్పదని నేను అనను. చాలావాటిలో నీలం అందమే తప్ప మరేమీ ఉండదు. చూసేవారు కూడా ముందు ఆ రంగుకే ఆకర్షితులవుతారు. దగ్గరికి వచ్చాక మాత్రం రెండు రకాలుగా విడిపోతారు. ఎలా చేశారో తెలియనివారు ‘కంప్యూటర్‌లో రంగు మార్చారు’ అనుకుని ముందుకు సాగిపోతారు. తెలిసినవారు కుంచె వదిలిన అంచులను, పూత పలచబడిన చోట్లను వెతుక్కుంటూ నిలబడిపోతారు. ఆ తెలివిడి కలిగించడం ప్రదర్శన పెట్టేవారి బాధ్యత.

అందుచేత పోటీలు నిర్వహించే సంస్థలకు నా మనవి ఇది. సయనోటైప్‌ను ఎచ్చింగ్, లినోకట్‌లతో పాటు అచ్చుచిత్రాల విభాగంలో చేర్చండి. చేసిన పద్ధతిని పక్కనే నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసి పెట్టండి. వీలైతే పూత పూసిన కాగితం ముక్క ఒకటి, కడిగిన ముక్క ఒకటి జతచేయండి. ఎండ నేరుగా పడే కిటికీల ఎదుట మాత్రం వేలాడదీయవద్దు, బలమైన వెలుతురుకు ఆ నీలం వెలిసిపోతుంది.

ఒక పాఠకురాలు, గుంటూరు