ఆ అడాప్టర్ల విషయంలో తప్పు నాదే

ఈ మధ్య మా దగ్గర టైప్-సి నుంచి 3.5 ఎంఎం అడాప్టర్ (ఫోన్ ఛార్జింగ్ పోర్ట్‌కి మామూలు హెడ్‌ఫోన్ పిన్ తగిలించుకునేది) కొన్నవాళ్లందరికీ,

"హెడ్‌ఫోన్‌లో అసలు సౌండే రావట్లేదండీ" అంటూ మీలో కొందరు వస్తే, పోర్ట్‌లో దుమ్ముంటుంది, తుడుచుకోండి అని పంపేశాను. ఒకాయన్నైతే ఫోన్ సర్వీసింగ్‌కి ఇవ్వమన్నాను. పాపం, ఇచ్చారు. ఫోన్ నిక్షేపంలా ఉంది. పాడు సరుకు నేనమ్మింది.

ఫోన్‌లోని డిజిటల్ సిగ్నల్‌ని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే అనలాగ్‌గా మార్చడానికి డాక్ అనే చిప్ కావాలి. కొన్ని ఫోన్లు ఆ పని లోపలే చేసి టైప్-సి పోర్ట్ నుంచి అనలాగ్ పంపుతాయి. వాటికి ఉత్త వైర్ల అడాప్టర్ చాలు. మిగతా ఫోన్లకి అడాప్టర్‌లోనే చిప్ ఉండాలి. నేను ఆర్డర్ పెట్టింది చిప్ ఉన్నవే. పాత డబ్బాల్లోనే, పాత లేబుల్‌తోనే, చిప్ లేనివి వచ్చాయి. అడిగితే సప్లయర్ "మీరు చెక్ చేసుకోవాలి కదా" అన్నాడు.

చెక్ చేశాను! ప్రతి పీసూ నా ఫోన్‌కి పెట్టి, పాట విన్నాకే అమ్మాను. నా ఖర్మ కొద్దీ నాది అనలాగ్ పంపే ఫోన్. అన్నీ బ్రహ్మాండంగా పలికాయి. ఇన్నేళ్లుగా సౌండ్ ప్రాబ్లమ్ అంటే నా దగ్గరికే వస్తారని గొప్పలు పోయేవాణ్ణి. రెండో ఫోన్‌లో పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు.

వచ్చి అడిగినవాళ్లకి గుట్టుగా మార్చి ఇచ్చేస్తే సరిపోతుందని ఇంట్లో అన్నారు. రెండు రాత్రులు అదే ఆలోచించాను, నిజం చెప్పొద్దూ, మనసు అటే లాగింది. కానీ ఇప్పుడు పనిచేస్తున్న అడాప్టరే, మీరు ఫోన్ మార్చిన రోజున మూగబోవచ్చు. అప్పుడు మళ్లీ కొత్త ఫోన్‌ని అనుమానిస్తారు. అందుకే అందరివీ వెనక్కి తీసుకుంటున్నాను. బిల్లు అక్కర్లేదు. సర్వీసింగ్‌కి ఇచ్చినాయన ఆ ఖర్చు నా దగ్గర తీసుకోవాలి, మొహమాటపడొద్దు.

ఇంట్లోనే తేల్చుకోవాలంటే అడాప్టర్‌ని కంప్యూటర్ టైప్-సి పోర్ట్‌కి పెట్టండి. సౌండ్ అవుట్‌పుట్ లిస్ట్‌లో కొత్త పేరు కనిపిస్తే చిప్ ఉన్నట్టే.

ఒక్క మాట. సౌండ్ అసలు రాకపోవడం వేరు, చిన్నగా రావడం వేరు. 250, 300 ఓమ్స్ హెడ్‌ఫోన్ (ఓమ్స్ అంటే కరెంటుని అది ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క) తీసుకెళ్లి నేరుగా ఫోన్‌కి పెట్టుకుని వాల్యూమ్ చాలట్లేదంటే ఆ నింద నేను మోయను. వాటికి ఆంప్, అంటే సిగ్నల్‌కి బలం పెంచే యాంప్లిఫయర్, కావాలని కొనేటప్పుడే చెప్పాను. ఫోన్‌తోనే వినాలంటే 32 ఓమ్స్ చుట్టుపక్కలవి, సెన్సిటివిటీ బాగున్నవి, అంటే తక్కువ పవర్‌కే గట్టిగా పలికేవి, చూసుకోండి. ఒక చెవిలోనే తగ్గినట్టుంటే కుడిఎడమలు మార్చి పెట్టుకోండి. అప్పుడూ అదే చెవికి తక్కువగా వినిపిస్తే చూపించాల్సింది నాక్కాదు, డాక్టర్‌కి.

చిప్ ఉన్నవి పంపిస్తానని ఆ సప్లయర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. వద్దన్నాను. వేరేచోట నుంచి సరుకొచ్చి, నాలుగు రకాల ఫోన్లలో పెట్టి చూసేదాకా ఆ అర ఖాళీగానే ఉంటుంది.