శెనక్కాయల ఊర్లో శెనక్కాయ పడని పిల్లలు: అనంతపురం మన కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు పనులు ముందే చెప్పేస్తాను. మూడో వీధి కాలువ పూడిక తీయించాం, వానలకి మళ్లీ పూడింది. పార్కులో నాటిన వేప, కానుగ మొక్కల్లో మేకలు తినగా మిగిలినవి బాగానే ఉన్నాయి. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. నీళ్ల ట్యాంకర్ల గొడవ గురించి కిందటి నివేదికలో రెండు పేజీలు రాశాను, ఎవరూ చదవలేదని తెలిసింది కాబట్టి ఈసారి వదిలేస్తున్నా. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

ఇక ఈ ఏడు మనం కొత్తగా చేసిన పని ఒకటే ఉంది. దసరాకీ దీపావళికీ మధ్య ఇంటిల్లిపాదీ కమ్యూనిటీ హాల్లో చేరి పిండివంటలు పంచుకోవడం మనకు అలవాటే. ఈసారి కాలనీలో ఏ బిడ్డకి ఏది పడదో ముందే కనుక్కుని, ఆ పిల్లలు కూడా అందరితోపాటు తినేలా వండాం. పని అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఎక్కడ తప్పామో కూడా రాస్తాను, మొదటి తప్పు నాదే కాబట్టి.

2024 దీపావళికి ఎవరింట్లో చేసినవి వాళ్లు తెచ్చి హాల్లో పంచుకున్నాం గుర్తుందా? మన కాలనీలో రెండో తరగతి బాబు ఒకడికి శెనక్కాయలు, అంటే వేరుశనగలు, పడవు. వాళ్లమ్మ నన్నే అడిగింది: "అక్కా, కజ్జికాయల్లో శెనక్కాయ వేశారా?" "లేదమ్మా, పప్పులు, ఎండుకొబ్బెర, బెల్లం, అంతే" అన్నాను. అబద్ధం చెప్పలేదు. కానీ ఆ పప్పులు పొడి చేసిన మిక్సీ జారులోనే పొద్దున చెట్నీకి శెనక్కాయలు తిప్పాను. జారు కడిగాననే అనుకున్నా, నీళ్లు పోసి ఒకసారి తొలిపాను అంతే. బాబు సగం కాయ కూడా తినలేదు. పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, వాంతి అయింది, ఆపైన ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. తొడకి సూది వేశారు, రాత్రంతా ఉంచుకుని పొద్దున పంపారు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నేను పడిన టెన్షన్ ఇక్కడ రాయలేను. బాబు వాళ్లమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా బాధ.

మన దగ్గర ఈ సమస్య ఎందుకు కష్టమో వేరే ఊరివాళ్లకి చెబితే అర్థం కాదు. జూన్, జులైలో విత్తిన శెనక్కాయ సరిగ్గా ఈ పండగల సమయానికే చేను నుంచి కల్లానికి వస్తుంది. పల్లెల నుంచి చుట్టాలు మూటలు తెస్తారు. ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చికాయల తొక్కలు ప్రతి వీధి అరుగు మీదా ఉంటాయి. చెట్నీలో శెనక్కాయ, నిప్పట్లలో శెనక్కాయ, గుత్తివంకాయలో దాని పొడి, వేయించే నూనె కూడా దానిదే. కదిరి ఆరు, కదిరి లేపాక్షి అని విత్తనాల పేర్లు పిల్లలకి కూడా నోటికి వచ్చిన జిల్లా ఇది. అలాంటిచోట "మావాడికి శెనక్కాయ పడదు" అంటే నమ్మరు. "ఈ మట్టిలో పుట్టినోడికి శెనక్కాయ పడకపోవడం ఏంది, రోజూ ఒక గింజ పెడితే అదే అలవాటైపోతుంది" అని మా మామగారే అన్నారు. ఆయన మీద కోపం లేదు, నిన్నమొన్నటిదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఈ ఏడు సెప్టెంబరులో కాలనీ వాట్సాప్ గ్రూపులో "మీ పిల్లలకి ఏవి పడవో రాయండి" అని అడిగాం. అక్కడే మొదటి చిక్కు వచ్చింది. ఒకరు "శనగ పడదు" అని రాశారు. ఏ శనగ? శనగపప్పా, వేరుశనగా? మనం శెనగనూనె అని పిలిచేది వేరుశనగ నూనెని. ఇంకొకరు "పప్పులు వేయొద్దు" అన్నారు. మనకు పప్పులంటే పుట్నాలు. రాసిన ఆవిడది గుంటూరు వైపు, ఆమె లెక్కలో పప్పులంటే జీడిపప్పు, బాదంపప్పు. తెలుగు ఒకటే, గింజలు వేరు. చివరికి గింజలన్నీ చిన్న చిన్న కవర్లలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, చూపించి, రాసుకున్నాం. నవ్వినవాళ్లు నవ్వారు, జాబితా మాత్రం తప్పు లేకుండా వచ్చింది. శెనక్కాయ ఇద్దరికి, జీడిపప్పు, బాదంపప్పు ఒకరికి, పాలు ఒక చిన్నపాపకి, గుడ్డు ఒక బాబుకి. గోధుమ పూర్తిగా మానాల్సిన ఆరో తరగతి అమ్మాయి ఒకరు, సీలియాక్ అని డాక్టర్లు తేల్చారు, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు.

మనకు తెలిసిన పిల్లల డాక్టరుగారు ఒక సాయంత్రం వచ్చి మాట్లాడారు. వచ్చినవాళ్లు తక్కువ, క్రికెట్ మ్యాచ్ ఉంది. ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చినవి రాస్తాను.

పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనం అయ్యేది వేరు, పాలలోని ప్రొటీన్ పడకపోవడం వేరు. మొదటిది పాలలోని చక్కెర అరగకపోవడం, దానికి ప్రాణభయం లేదు, పెరుగు కొంత తట్టుకుంటారు. రెండోది నిజమైన అలర్జీ, చుక్క పాలు కూడా ప్రమాదమే కావచ్చు. పాలు, గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది, శెనక్కాయ అలర్జీ మాత్రం ఎక్కువమందికి ఉండిపోతుంది. తగ్గిందో లేదో ఇంట్లో గింజ పెట్టి చూడకూడదు, డాక్టరు దగ్గరే చూడాలి. మా మామగారు ముందు వరుసలో కూర్చుని విన్నారు.

ఒంటి మీద దద్దుర్లతో పాటు వాంతులో, గొంతు బిగుసుకోవడమో, ఆయాసమో వస్తే ఇంట్లో ఉన్న దురద సిరప్ పోసి ఎదురుచూడకూడదు. దానికి మందు అడ్రినలిన్, తొడ బయటివైపు కండలోకి ఇస్తారు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. బిడ్డని పడుకోబెట్టాలి, ఆయాసపడుతుంటే కూర్చోనివ్వాలి, లేపి నడిపించకూడదు. మేం ఆ రోజు బాబుని నడిపించుకుంటూనే ఆటో ఎక్కించాం.

ఈ మాటలు విని ఒక చిన్నమ్మ భయపడి, తన ఏడు నెలల మనవడికి శెనక్కాయ ఎన్నేళ్లదాకా పెట్టకుండా ఉండాలని అడిగింది. అలా దాచి ఉంచడం వల్ల మేలు లేదన్నారు డాక్టరుగారు. లండన్‌లో 640 మంది పసిపిల్లల మీద జరిగిన పరిశోధన 2015లో వచ్చాక వైద్యుల ఆలోచనే మారిందట. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లల్లో కూడా, మొదటి ఏడాదిలోనే శెనక్కాయ తినడం మొదలుపెట్టినవారికి అది చాలా తక్కువగా వచ్చింది. కాకపోతే తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే సమస్య) గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న బిడ్డకైతే డాక్టరుని అడిగి మొదలుపెట్టాలి. మెత్తటి ముద్దలా జావలో కలిపే పెట్టాలి. గింజగా ఐదేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు, గొంతులో ఇరుక్కుంటుంది.

ఇక వంట. దీపావళి అక్టోబరు 20న వచ్చింది కాబట్టి దానికి ముందురోజు ఆదివారం పెట్టుకున్నాం. ఆ రోజు హాల్లోకి శెనక్కాయ, జీడిపప్పు, పాలు, గుడ్డు, గోధుమ ఏవీ రానివ్వకూడదని నిర్ణయం. "ఇవన్నీ తీసేస్తే ఇంక వండేదేముంది, గాలా?" అని ఒక జేజి అడిగింది. చూస్తే చాలానే ఉంది. మన పాత తిండిలో సగం వీటి జోలికి పోదు.

బొరుగుల ఉండలు అన్నిటికంటే ముందు అయిపోయాయి. ఒక గ్లాసు బెల్లం తురుముకి నాలుగైదు గ్లాసుల బొరుగులు. పాకం నీళ్లలో వేస్తే గట్టి ఉండ కట్టాలి, అప్పుడే బొరుగులు పోసి, చేతికి తడి చేసుకుని వేడిమీదే చుట్టాలి. పిల్లలు చుట్టింది తక్కువ, నోట్లో వేసుకుంది ఎక్కువ. రాగి లడ్డులు పాలు పడని పాప కోసం: రాగిపిండి కొబ్బరినూనెలో దోరగా వేయించి, బెల్లం పొడి, ఏలకులు, పచ్చికొబ్బరి కలిపి కట్టాం. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి పాలు మానిన పిల్లలకి అది ఊరికే తీపి కాదు. నిప్పట్లలో శెనక్కాయ పొడికి బదులు పప్పుల పొడి, మైదా లేకుండా బియ్యప్పిండే వేశాం. నిజం చెప్పాలంటే శెనక్కాయ నిప్పట్ల రుచి రాలేదు. కరకరలాడాయి, అంతవరకే.

నెయ్యి దగ్గర పెద్ద వాదన జరిగింది. "నెయ్యి పాలెట్లవుతుందే, కాచి వడగట్టిందే గదా" అంది అదే జేజి. కాచినా పాల ప్రొటీన్ కొద్దిగా మిగులుతుంది, ఆ కొద్దే ఆ పాపకి చాలు. జేజి ఒప్పుకోలేదు, కానీ తెచ్చిన నెయ్యి గిన్నె తిరిగి ఇంటికి పంపించింది.

కజ్జికాయలే మమ్మల్ని ఓడించాయి. గోధుమ లేకుండా అంటే మైదా, బొంబాయి రవ్వ రెండూ పోతాయి. బియ్యప్పిండితో ఒత్తి నూనెలో వేస్తే నోరు తెరుచుకుని పూర్ణమంతా బాండలిలో కక్కేశాయి. నూనె మాడింది, హాలంతా పొగ. అప్పుడు ఒక అవ్వ ముందుకొచ్చి, "ఆ పూర్ణం పారేయొద్దండి" అని, బియ్యప్పిండిని మరిగే నీళ్లలో ఉక్కబెట్టి, అదే పూర్ణంతో కుడుములు చేసి ఆవిరికి పెట్టింది. ఆరో తరగతి అమ్మాయి ఏడు తిన్నది. హాల్లో జరిగే పండగలో తను పళ్లెం పట్టుకుని నిలబడడం అదే మొదటిసారి అని వాళ్ల నాన్న చెప్పారు.

ఏం వేశామన్నదానికంటే, దేంట్లో చేశామన్నదే మాకు ఎక్కువ పని పెట్టింది. బియ్యం పట్టించడానికి పిండి మిషన్‌కి వెళ్తే ముందువాళ్లది గోధుమలు. ఆ పిండి మిషన్‌లో అంటుకుని మనదాంట్లోకి వస్తుంది. అందుకే బియ్యం నానబెట్టి, ఆరబెట్టి, కొత్తగా కొన్న మిక్సీ జారులో ఇంట్లోనే పొడి చేశాం. బాండలి, జల్లిగంటె, గరిటెలు కూడా కొత్తవే. నూనె పొద్దుతిరుగుడుది, ప్యాకెట్ అక్కడే కత్తిరించాం. ముందు దేన్నో వేయించిన నూనె మళ్లీ వాడితే దానిలోది దీనిలోకి వస్తుంది. గానుగ శెనగనూనె అయితే శెనక్కాయ తిన్నట్టే లెక్క.

ఇంత చేసీ ఒకచోట తప్పాం. నిప్పట్ల పిండిలో ఇంగువ వేశాం. డబ్బా వెనక చదివితే అందులో గోధుమపిండి ఉంది. మనం కొనే ఇంగువ పొడి చాలావరకు పిండి కలిపిందే. చదివింది మనం కాదు, ఆ ఆరో తరగతి అమ్మాయే. అప్పటికే రెండు వాయిలు అయ్యాయి. అవి వేరే గిన్నెలోకి తీసి, గోధుమ పడేవాళ్లకే ఇచ్చాం. మిగతావి కొత్త పిండితో, కొత్త నూనెతో మళ్లీ వేశాం.

కాబట్టి కొనేవాటి మీద అచ్చయినది చదవండి. 2020లో వచ్చిన ఆహార భద్రత సంస్థ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్యలు పీతల జాతి, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే విడిగా చెప్పాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు, అవి పడని పిల్లలుంటే పదార్థాల వరుసంతా చదువుకోవాలి. మనం రాగి మాల్ట్ అని పిలిచే జావలో బార్లీ ఉండదు, డబ్బాల్లో అమ్మే మాల్ట్ పొడుల్లో చాలావాటిలో ఉంటుంది. మిఠాయి అంగట్లో విడిగా తూచి ఇచ్చేవాటి మీద ఏమీ రాసి ఉండదు, ఒకే గరిటె అన్ని ట్రేల్లో తిరుగుతుంది. అలర్జీ ఉన్న ఇంటికి అవి పట్టుకెళ్లకండి. అరటిపళ్లు తీసుకెళ్లండి.

2024లో ఆసుపత్రికి వెళ్లిన బాబు ఈసారి వచ్చాడు. వాళ్లమ్మ మొదట గుమ్మం దగ్గరే నిలబడి, బాండలి కొత్తదేనా అని రెండుసార్లు అడిగి, మిక్సీ జారు మూత తీసి వాసన చూసింది. చూడమనే చెప్పాను.

సభ్యుల ముందు మూడు విషయాలు పెడుతున్నాం. కొత్త సామాను సంఘం గదిలో ఎర్ర రంగు పూసిన పెట్టెలో ఉంది. పెళ్లికనీ పేరంటానికనీ ఎవరికీ ఇవ్వకూడదు. జనవరిలో ఒకరు అడిగారు, ఇవ్వలేదు, వాళ్లు ఇప్పటికీ మాతో మాట్లాడటం లేదు. రెండోది, ఆ పెట్టె తాళం నా దగ్గర కాకుండా అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర ఉండాలి. మూడోది, వచ్చే దీపావళి నవంబరు 8, ఆదివారం. కొత్తగా కాలనీకి వచ్చినవాళ్ల ఇళ్లకి దసరాలోపే గింజల కవర్లతో వెళ్లాలి. ఇద్దరు మనుషులు కావాలి. క్రికెట్ మ్యాచ్ లేని సాయంత్రాలే చూసుకుందాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి