చీరతో పాటు చీటీ

సంపాదకులకు నమస్కారం.

వ్యాపారానికి కథ ఎంత అవసరమో చెబుతూ పోయిన ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. అందులో పెద్ద కంపెనీల ప్రకటనల సంగతే ఎక్కువగా ఉంది. నేను హనుమకొండలో మా ఇంటి ముందు గదిలో 19 ఏళ్లుగా పోచంపల్లి, పుట్టపాక చేనేత చీరలు అమ్ముతున్నాను. మాలాంటి చిన్నవాళ్ల వైపు నుంచి కూడా నాలుగు మాటలు రాయాలనిపించింది.

మొదట్లో నాకు చీర మడత విప్పి రేటు చెప్పడమే తెలుసు. ఒకసారి పెళ్లి బట్టలకని ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురు ఫోన్ చూపించి, "ఆంటీ, ఇదే డిజైన్ ఆన్‌లైన్‌లో 1,200కే ఉంది, మీరు 8,500 అంటున్నారేంటి?" అని అడిగింది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేం లేదు. ఫోన్‌లో చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి మరి.

అప్పుడు నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది. ఆమె ముప్పై ఏళ్లు ఆసు పోసింది, అంటే నేయకముందు నూలును మేకుల మీద వరసగా సర్దే పని. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులుంటాయి, మధ్యలో ఇంకో మేకు. పేక నూలును, అంటే చీరలో అడ్డంగా వచ్చే నూలును, ఆ మధ్య మేకు నుంచి ఒక్కో మేకుకూ తిప్పి మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. సాయంత్రానికి అత్తమ్మ కుడి చెయ్యి పైకి లేచేది కాదు, జడ వేయడానికి నన్నే పిలిచేది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఈ బాధ చూడలేకనే ఏళ్లతరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టుకున్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా అత్తమ్మకు మాత్రం ఆ యంత్రం అందేసరికి భుజం పూర్తిగా పాడైపోయింది.

ఇదంతా ఆ తల్లీకూతుళ్లకు చెప్పాను. చిటికి కట్టడం గురించీ చెప్పాను. రంగు అంటకూడని చోట నూలును సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. అంటే నేయకముందే పువ్వు దారం మీద ఉంటుంది. నేసేటప్పుడు పోగు పోగూ సర్దుకుంటూ దాన్ని కలపాలి. అందుకే పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు కనిపిస్తుంది. చీర తిరగేసి చూపించాను, రెండో వైపూ అంతే రంగు. పక్కన ఒక ప్రింటు చీర తిరగేసి పెడితే వెనక వైపు వెలవెలబోయింది. ఆ తల్లి చెదిరిన అంచు మీద వేలు పెట్టి అలాగే కాసేపు కూర్చుంది. మళ్లీ బేరం ఎత్తలేదు.

ఆ రోజు నుంచి ప్రతి చీర మడతలో ఒక చీటీ పెడుతున్నాను. ఏ ఊరు, ఎవరు నేశారు, ఎన్ని రోజులు పట్టింది, అంతే. చీటీ ఇంట్లో దాచుకున్నామని చెప్పినవాళ్లున్నారు. అది చూపించి ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చినవాళ్లున్నారు.

కానీ నిరుడు ఒకామె కోపంగా వచ్చి, ఒక పెద్ద షాపులో కొన్న చీర నా ముందు పడేసింది. అందులోనూ ఒక చీటీ ఉంది. నేను రాసుకున్న మాటలే అచ్చులో ఉన్నాయి, నేతగాడి పేరు ఒక్కటే లేదు. చీర చూస్తే ప్రింటు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలా నూలుకే కట్టి రంగు వేసి నేసేదాన్నే ఇక్కత్ అంటారు. పోచంపల్లి ఇక్కత్‌కు, ఆ పేరు వేరేవాళ్లు వాడుకోకుండా ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) 2005లోనే వచ్చింది. అయినా ఆ పేరుతో ప్రింట్లు అమ్ముడవుతూనే ఉన్నాయి. ఇప్పుడు మా అత్తమ్మ భుజం నొప్పి కూడా అలాంటి సరుకు అమ్ముకోవడానికి పనికొచ్చింది. మీ వ్యాసంలో నాకు లోటనిపించింది ఇదే. కథ బాగుంటే సరుకు పోతుందని రాశారు. అది ఎవరి కష్టమో, వాళ్లకు అందులో ఏమైనా దక్కిందో రాయలేదు. దొంగ కథకు ఒకసారి మోసపోయినవాళ్లు తర్వాత నిజం చెప్పేవాళ్లనూ నమ్మరు. ఆ నష్టం చివరికి మగ్గం మీద కూర్చున్నవాళ్లకే.

అందుకే చేనేత సహకార సొసైటీలను అడుగుతున్నాను. చీర మీద ముద్రతో సరిపెట్టకుండా నేసినవాళ్ల పేరూ ఊరూ వేయండి. మిమ్మల్నీ ఒకటి అడుగుతున్నాను. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి మంత్రుల ఫొటోలు వేస్తారు. ఈసారి ఆ జాగాలో పని చేసేవాళ్ల మాటలు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు వేయండి. నేసేవాళ్లవే కాదు. మొన్న పుట్టపాకలో చిటికి కట్టే తమ్ముడొకడు నా చీటీ చదివి, "అక్కా, నేను నేయను, కడతా అంతే. నా పేరు కూడా రాస్తవా?" అన్నాడు. ఇన్నేళ్లుగా నాకు తట్టనేలేదు. ఇప్పుడు చీటీలో ఇంకో రెండు గీతలు పెరిగాయి. ఒకటి కట్టినవాళ్లకు, ఒకటి ఆసు పోసినవాళ్లకు.

మీ విలేకరి వస్తానంటే నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. పొద్దున్నే బయల్దేరితే రంగులు అద్దడం కూడా చూడొచ్చు.

ఇట్లు,
ఒక చేనేత చీరల వ్యాపారి,
హనుమకొండ