ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్: ఆ సగటు జీతం ఎవరిది?

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందటి ఆదివారం చదువుల పేజీలో వచ్చిన కథనం గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైందని తెలుసు. పీజీసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవాల్సిన పిల్లలు ఆ పేజీని నమ్ముకుని కూర్చున్నారు కాబట్టి రాయక తప్పడం లేదు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేయడమే తరువాయి, డేటా సైంటిస్టు ఉద్యోగం వాకిట్లోకి వచ్చి నిలబడుతుందన్నట్టు రాశారు. సగటు జీతం ఏడాదికి ఆరు లక్షల పైచిలుకట!

లెక్కల చదువు గురించి రాసినవారు ఆ లెక్క ఎలా తేలిందో మాత్రం చెప్పలేదు. 20 మంది ఉన్న క్లాసు అనుకుందాం. ఒకరికి 20 లక్షల ఉద్యోగం వచ్చింది, నలుగురికి 3 లక్షలవి వచ్చాయి, 15 మందికి ఏమీ రాలేదు. కొలువు దొరికిన అయిదుగురి సగటు 6.4 లక్షలు, వాళ్ళ మధ్యగతం, అంటే వరుసగా పేరిస్తే నడుమ నిలిచే అంకె, 3 లక్షలు. క్లాసు మొత్తం మీద సగటు 1.6 లక్షలు, మధ్యగతం సున్నా. నాలుగూ సరైన అంకెలే. కాలేజీ కరపత్రం మీదికీ, అక్కడి నుంచి మీ పేజీలోకీ ఎక్కేది మొదటిది ఒక్కటే. ఇది బీఎస్సీ మొదటి ఏడాది పిల్లవాడు పట్టుకోవాల్సిన తప్పు.

సర్కారు కొలువుల సంగతి ఇంకా గందరగోళం చేశారు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు రాయాలంటే ఎమ్మెస్సీ ఉండాలని అర్థం వచ్చేలా రాశారు. అక్కర్లేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్నా యూపీఎస్సీ ఒప్పుకుంటుంది. రాత పరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. రాతలో 800 స్టాటిస్టిక్సే: మొదటి రెండు పేపర్లు ఆబ్జెక్టివ్, తర్వాతి రెండూ రాసేవి. మన పిల్లలు బోల్తాపడేది ఈ రాసే పేపర్ల దగ్గరే. నాలుగో పేపరులో ఏడు భాగాలుంటాయి, రెండు ఎంచుకోవాలి. సి, ఆర్ భాషల్లో కంప్యూటింగ్ అందులో ఒకటి. ఎమ్మెస్సీ ఇక్కడ తయారీకి పనికొస్తుంది, అర్హతకు కాదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే రెండేళ్ళూ, ఫీజులూ పోస్తారు. పైగా ఖాళీలు దేశం మొత్తానికి ఏడాదికి పదుల్లోనే ఉంటాయి. అది కథనంలో ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతికినా కనబడలేదు.

కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) డిగ్రీవాళ్ళకు పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసరు పోస్టుకూ డిగ్రీ చాలు. ఇంటర్ గణితంలో 60 శాతం ఉన్న డిగ్రీవాళ్ళకూ అర్హత ఉంది. అదే పరీక్షలోని స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ గ్రేడ్-2కు మాత్రం మెలిక ఉంది: డిగ్రీ మూడేళ్ళూ, అంటే ఆరు సెమిస్టర్లూ, స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. మన రాష్ట్రంలో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ డిగ్రీ వచ్చాక స్టాటిస్టిక్స్‌ను మైనర్‌గా తీసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ మార్కుల జాబితాల్లో ఆ సబ్జెక్టు ఎన్ని సెమిస్టర్లలో కనబడుతుందో ఎవరైనా చూశారా? ఆ పథకం తెచ్చిన ఉన్నత విద్య పెద్దలు ఈ మెలిక గురించి పిల్లలకు ముందే ఒక ముక్క చెబితే వాళ్ళ సొమ్మేం పోయేది? సర్టిఫికెట్ల పరిశీలన రోజున బల్లకు అవతల కూర్చున్న గుమాస్తా చెబితే తెలుసుకోవాలి కాబోలు.

ఎమ్మెస్సీ నిజంగా అడిగే తలుపులు కొన్ని ఉన్నాయి. రిజర్వు బ్యాంకు గణాంక విభాగంలో గ్రేడ్-బి అధికారికి 55 శాతంతో పీజీ ఉండాలి, పోస్టులు తక్కువ. యూనివర్సిటీల్లో, డిగ్రీ కాలేజీల్లో పాఠం చెప్పాలంటే పీజీతో పాటు అధ్యాపక అర్హత పరీక్ష నెట్ కావాలి, లేదా రాష్ట్ర స్థాయి స్లెట్, పీహెచ్‌డీ. యూజీసీ నెట్‌లో స్టాటిస్టిక్స్ అనే పేపరే లేదు. సీఎస్‌ఐఆర్ వాళ్ళ గణిత శాస్త్రాల పేపరు రాసుకోవాలి. బి భాగంలో 40 ప్రశ్నల్లో 25, సి భాగంలో 60లో 20 రాయాలి. సి భాగంలో నెగెటివ్ మార్కులు లేవు. మన సబ్జెక్టు నాలుగో యూనిట్లో ఉంటుంది. దాన్నీ లీనియర్ ఆల్జీబ్రానీ గట్టిగా పట్టుకుంటే దారి ఉంది. రియల్ అనాలిసిస్ చూసి బెదిరిపోయి పరీక్షే మానుకుంటున్నారు. మూడోది మందుల కంపెనీలు. క్లినికల్ ట్రయల్స్‌లో బయోస్టాటిస్టిషియన్‌కు పీజీ అడుగుతారు. అక్కడే సాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్ పనికి మాత్రం బీఫార్మసీ వాళ్ళూ పోటీకొస్తారు, ఎందుకంటే ఆ పనికి కావాల్సింది రావ్-క్రామర్ హద్దు నిరూపణ కాదు, ట్రయల్ డేటాను ఎస్‌డీటీఎం, ఆడామ్ అనే ప్రామాణిక పద్ధతుల్లోకి మార్చడం. అందుకని ఎమ్మెస్సీ పట్టా చేతపట్టుకుని మళ్ళీ కోచింగ్ కోసం అమీర్‌పేట బస్సెక్కాలి. విద్యార్థులకు సాస్‌ను ఇంటర్నెట్‌లో ఉచితంగా వాడుకోనిస్తారని, ఆర్‌కు అసలు ఖర్చే లేదని రెండేళ్ళలో వాళ్ళకు చెప్పినవాళ్ళుండరు.

చాలా చోట్ల ప్రాక్టికల్ అంటే ఇప్పటికీ క్యాలిక్యులేటరు, పుస్తకం వెనక పట్టికలు, పది వరుసల అంకెలు. అసలు డేటా అంత మర్యాదగా ఉండదు. జవాబు రానిచోట 99 అని వేసి ఉంటుంది. అది తీసేయకుండా సగటు తీస్తే కుటుంబానికి పిల్లలు ఏడెనిమిది మంది తేలతారు. డేటాబేసు భాష ఎస్‌క్యూఎల్‌లో రెండు పట్టికలు కలిపేటప్పుడు ఒక కుటుంబానికి నాలుగు వరుసలుంటే ఆ కుటుంబం ఆదాయం నాలుగుసార్లు కూడిపోతుంది. జాతీయ నమూనా సర్వే ఫైళ్ళు కేంద్ర గణాంక శాఖ ఉచితంగానే ఇస్తుంది. వాటిలో ఒక్కో కుటుంబం దేశంలో ఎన్నిటికి ప్రతినిధో చెప్పే మల్టిప్లయర్ అనే కాలమ్ వదిలేసి శాతాలు తీస్తే వచ్చేది సర్వేలో దొరికినవాళ్ళ శాతం, దేశానిది కాదు. ఇంటర్వ్యూలో అడిగేది ఇవే. సెంట్రల్ లిమిట్ సిద్ధాంతం అప్పగించినవాడు ఇక్కడ నోరు తెరవలేడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఆపరేషన్స్ రీసెర్చి పేపరులో క్యూ సిద్ధాంతం ఉంది. ఎం/ఎం/1 నమూనా (ఒకే కౌంటరు, ఒక్కొక్కరికే సేవ) బోర్డు మీద రాసి, సూత్రం కట్టి, పాఠం ముగిస్తారు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సులో రోజూ నడిచేది ఆ పాఠమే. లోపల 24 వేల మంది ఉండి, గంటకు 4 వేల మందికి దర్శనమైతే నిరీక్షణ 6 గంటలు, ఈ భాగారానికే లిటిల్ సూత్రమని పేరు. కానీ కంపార్టుమెంటు మొత్తాన్ని ఒకేసారి వదులుతారు కాబట్టి ఎం/ఎం/1 అక్కడ పనిచేయదు, గుంపు సేవ నమూనా కావాలి. 300 రూపాయల టికెట్టు, టోకెన్లు వేరు వేరు ప్రాధాన్య వరుసలు. వీఐపీ బ్రేకులో సామాన్యుడి వరుస ఆగిపోతుంది కదా, దానికీ ఈ శాస్త్రంలో నమూనా ఉంది, పేరు 'సర్వర్ వెకేషన్'. రోజూ ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయో, ఎన్ని గంటలు పడుతుందో మీ పత్రికే వేస్తోంది. ఏడాది పొడవునా ఆ అంకెలు రాసుకుని ప్రాజెక్టు చేసిన విద్యార్థికి ఉద్యోగం అడిగేచోట చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మన పిల్లలు ఎక్కడో అమెరికా ఫోన్ కంపెనీ డేటా దించుకుని చేస్తారు.

అధికారుల తీరు చెప్పనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పగలగొట్టి 26 చేశారు. కొత్త బోర్డులు వెంటనే వచ్చాయి. గణాంక సిబ్బంది నియామకాలు అంత చురుగ్గా వస్తే ఈ ఉత్తరం రాసే పనే లేదు. దిగుబడి తేల్చే పంట కోత ప్రయోగానికి యాదృచ్ఛిక సంఖ్యలతో పొలం ఎంచి, వరిలో 5 మీటర్లకు 5 మీటర్ల మడి కొలిచి, కోసి, తూచాలి. మనుషులు చాలనప్పుడు దారి పక్కన, జీపు ఆగినచోట మడి ఎంచుతారు. దారి పక్క మడికి నీళ్ళూ ఎరువూ ముందందుతాయి, దిగుబడి ఎక్కువ తేలుతుంది, బీమా అందాల్సిన లోపలి రైతుకు అందదు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వెళ్ళింది. అంకెల మీద ప్రభుత్వాలకున్న శ్రద్ధ ఇది. ఈ దేశంలో స్టాటిస్టిక్స్ చదివితే కొలువులే కొలువులని మీరు రాస్తారు.

సీటు ఎంచుకునేవాళ్ళు కాలేజీలో అడగాల్సినవి నాలుగే: కిందటి బ్యాచిలో ఎందరు చేరారు, ఎందరికి ఏ పని దొరికింది, ల్యాబులో వారానికి ఎన్ని గంటలు ఆర్ గానీ పైథాన్ గానీ నడుస్తాయి, చివరి సెమిస్టరు ప్రాజెక్టు ఎవరి డేటా మీద. గోడ మీది ఫ్లెక్సీ చూపించి పంపించేస్తే ఇంకో కాలేజీ చూసుకోవాలి.

మీ విలేఖరికి ఒకే ప్రశ్న. ఆ ఆరు లక్షల సగటు ఎంతమందిది, ఆ పేర్లు ఎవరు రాసుకొచ్చారు? వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
విశ్రాంత గణాంక ఉద్యోగి,
బైరాగిపట్టెడ, తిరుపతి