కలిసి చదివిన బడులు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

2024 జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి 2025 ఏప్రిల్‌లో వేసవి సెలవులు ఇచ్చేదాకా మన సంఘం నడిపిన ఉమ్మడి తరగతుల వివరాలు ఈ నివేదికలో ఉన్నాయి. కొత్తగా చేరిన సభ్యుల కోసం ముందుగా రెండు మాటలు. కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న లంక బడుల్ని, ఏటిగట్టుకు ఇవతల ఉన్న హైస్కూళ్లని ఇంటర్నెట్‌తో కలుపుతున్నాం. ఒక బడిలో టీచర్ చెప్పే పాఠాన్ని మిగతా బడుల పిల్లలు అదే సమయంలో వింటారు, ప్రశ్నలు అడుగుతారు. ఏ బడి పేరూ ఇందులో రాయడం లేదు. ఏ ఊరి బడికి ఏ టీచర్ లేరో నలుగురికీ చాటడం మాకు ఇష్టం లేదు.

లంక బడుల ఇబ్బంది ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పదో తరగతిలో పట్టుమని పాతికమంది ఉండరు. ఫిజికల్ సైన్స్ టీచర్‌కి బదిలీ అయినా, ప్రసూతి సెలవు మీద వెళ్లినా, ఇంకొకరు వచ్చేదాకా ఆ పీరియడ్ ఖాళీగా పోతుంది. సర్దుబాటు మీద ఎవరినైనా పంపితే వాళ్లు రేవుకు రావాలి, పడవ దొరకాలి, సాయంత్రం మళ్లీ వెనక్కి వెళ్లాలి. అదే ఏటికి అవతల, కనుచూపు మేరలో, ఆ సబ్జెక్టును ఎంతో ఇష్టంగా చెప్పే టీచర్ ఉంటారు. ఆవిణ్ని రోజూ ఏరు దాటించడం కష్టం. ఆవిడ పాఠాన్ని దాటించడం కష్టం కాదు. మన సంఘం పుట్టింది ఈ ఒక్క ఆలోచన మీదే.

దూరం నుంచి పాఠం చెప్పడం మన దేశంలో కొత్త సంగతేం కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్–6 సాయంతో, ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2004 సెప్టెంబరు 20న చదువు కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్‌ను శ్రీహరికోట నుంచి పంపారు. కరోనా కాలంలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. వీటి వల్ల జరిగిన మేలు తక్కువది కాదు. అయితే టీవీ పాఠంలో పిల్లవాడు వినడమే తప్ప అడగడం ఉండదు. వాడికి అర్థమైందో లేదో తెరలో ఉన్న టీచర్‌కి తెలియదు. అర్థం కాలేదని వాడి మొహంలో కనిపించగానే టీచర్ ఆగి, ఇంకో రకంగా చెప్పగలగాలి. మన ఏర్పాటులో మొదటి నుంచీ మేం పట్టుబట్టింది దీనికోసమే. అందుకే రికార్డు చేసిన పాఠాలు పంచడం తేలికే అయినా, అది మన ప్రధాన కార్యక్రమం కాలేదు.

ఉమ్మడి టైమ్‌టేబుల్

బయటి నుంచి చూసేవాళ్లు ఇదంతా కంప్యూటర్ల వ్యవహారం అనుకుంటారు. నిజానికి సంఘం శ్రమలో పెద్ద భాగం టైమ్‌టేబుల్‌కే పోయింది. ఒక బడిలో మధ్యాహ్న భోజనం గంట ముందు కొడతారు, ఇంకో బడిలో వెనక కొడతారు. ఒకచోట శనివారం ఆటలు, ఇంకోచోట శనివారం స్లిప్ టెస్టులు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం పడిందంటే ఆ రోజు కొందరు టీచర్లు ఉండరు. ఊరి తీర్థం వస్తే ఆ ఊరి పిల్లలు సగం మంది రారు. కాలువ కింద దాళ్వాకు నీళ్లు వంతులవారీగా ఇచ్చినట్టు, ఉమ్మడి పీరియడ్లను కూడా అందరూ ఒప్పుకున్న వంతు ప్రకారం నడపాల్సి వచ్చింది. ఎవరైనా వంతు తప్పితే కింది బడి ఎండిపోతుంది.

జూన్‌లో హెడ్మాస్టర్లందరూ ఒకచోట కూర్చుని పదో తరగతి ఫిజికల్ సైన్స్, గణితం, తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ ఉమ్మడిగా చెప్పాలని తీర్మానించారు. అన్నీ ఉదయం రెండు, మూడు పీరియడ్లలోనే పెట్టారు. మొదటి పీరియడ్‌కి పడవ మీద వచ్చే పిల్లలు ఆలస్యమవుతారు. భోజనం తర్వాత రేకుల గదుల్లో ఉక్కపోత, పైగా కరెంటు నమ్మకం లేదు. ఆ తీర్మానాన్ని ఏడాది పొడవునా నిలబెట్టిన హెడ్మాస్టర్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు. తమ బడి టైమ్‌టేబుల్‌ను పక్క బడి కోసం మార్చుకోవడం చిన్న విషయం కాదు.

గది టీచర్

ఈ సంవత్సరం పనిలో అన్నిటికన్నా ముఖ్యమని మేం నమ్మేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పాఠం అందుకునే ప్రతి గదిలో ఒక టీచర్ తప్పకుండా ఉండాలి. ఆ సబ్జెక్టు టీచరే కానక్కర్లేదు. తెలుగు పండిట్ కావచ్చు, పీఈటీ కావచ్చు. వాళ్లను మేం గది టీచర్ అంటున్నాం. ‘తెర మీద టీచర్ ఉన్నారుగా, మళ్లీ ఇంకొకరెందుకు’ అనే మాట కొన్ని సమావేశాల్లో వచ్చింది. సంఘం దీనికి ఒప్పుకోలేదు, ఇకముందూ ఒప్పుకోదు. గదిలో పెద్దవాళ్లు లేకపోతే పాఠం కాసేపటికే సినిమా అయిపోతుంది. ముందు బెంచీ పిల్లలు చూస్తారు, వెనక బెంచీ పిల్లలు కబుర్లలో పడతారు.

గది టీచర్ చేసేది కాపలా కాదు. పాఠానికి ముందురోజు సాయంత్రం చెప్పబోయే టీచర్‌తో ఫోన్‌లో మాట్లాడి, ఏ లెక్కలు చేయిస్తారో, ఏ ప్రయోగానికి ఏం సామాను కావాలో రాసుకుంటారు. పాఠం నడుస్తుండగా బెంచీల మధ్య తిరుగుతూ నోట్సు చూస్తారు. ఎక్కువమంది ఒకేచోట తప్పుతుంటే చెయ్యెత్తి పాఠం ఆపిస్తారు. మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లల ప్రశ్నను తామే అడుగుతారు. తెర మీద కనిపించే టీచర్‌తో మాట్లాడటమంటే చాలామంది పిల్లలకు మొదట్లో టెన్షన్. తమ మాట నాలుగు ఊళ్లలో వినబడుతుందని బిగుసుకుపోతారు. దసరా సెలవుల తర్వాత ఆ బెరుకు చాలావరకు పోయింది. దానికి కారణం యంత్రం కాదు, పక్కన నిలబడి ‘అడగమ్మా, ఫరవాలేదు’ అన్న ఆ గది టీచర్లే.

పాఠం చెప్పే టీచర్లు కూడా తమ పద్ధతి మార్చుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉండటం మనకు బాగా కలిసొచ్చింది. ‘ఫలానా పేజీ, రెండో బొమ్మ’ అంటే చాలు, అన్ని గదుల్లో పిల్లలు ఒకేసారి అక్కడికి వస్తారు, ఎవరికి వీలైన భాషలో వాళ్లు చదువుకుంటారు. పదో తరగతి సైన్స్, గణితం పుస్తకాలు ఈ ఏడాదే ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌కు మారాయి. కొత్త పాఠాలను నలుగురు టీచర్లు కలిసి తయారుచేసుకోవడం వల్ల ఒంటరిగా తంటాలు పడే అవసరం తప్పింది. ఇది మేం ముందుగా అనుకోని లాభం. పిల్లల కోసం వేసిన దారి టీచర్లకూ పనికొచ్చింది.

నీళ్ల పాఠం

ఏడాది మొత్తంలో పిల్లలు ఎక్కువగా చెప్పుకున్న తరగతి ఇది. ‘ఆమ్లాలు, క్షారాలు, లవణాలు’ పాఠంలో ద్రావణాల గుండా కరెంటు పారుతుందో లేదో చూసే ప్రయోగం ఉంది. పాఠం చెప్పే మేడమ్ దాన్ని కొంచెం పెంచారు. ప్రతి బడి తమ ఊరి నీళ్లు తేవాలన్నారు: కాలువ నీళ్లు, బోరు నీళ్లు, చెరువు నీళ్లు. సంఘం ప్రతి బడికి పంపిన ప్రయోగాల పెట్టెలో బ్యాటరీ, చిన్న ఎల్‌ఈడీ, రెండు మేకులు, వైరు ఉన్నాయి. అందరూ ఒకేసారి గ్లాసులో మేకులు ముంచారు.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ ఎగువన ఉన్న రావులపాలెం వైపు పిల్లల గ్లాసుల్లో ఎల్‌ఈడీ మినుకుమినుకుమంది. సముద్రం దగ్గరి కాట్రేనికోన వైపు పిల్లలు బోరు నీళ్లలో ముంచగానే ప్రకాశంగా వెలిగింది. రొయ్యల చెరువు నీళ్లలో ఇంకా ఎక్కువ. ఎగువ పిల్లలు మొదట నమ్మలేదు, బ్యాటరీ కొత్తదా అని అడిగారు. బ్యాటరీలు అన్నిచోట్లా ఒకటే. నీళ్లలో కరిగిన ఉప్పే తేడా అని అర్థమయ్యాక, మరి మీరు తాగేదేంటని అడిగారు. మంచినీళ్ల టిన్నులు కొనుక్కుంటామని సముద్రం వైపు పిల్లలు చెప్పారు. తర్వాత అదే నీళ్లలో సబ్బు కలిపి ఎవరి గ్లాసులో నురగ ఎంత వచ్చిందో చూశారు. కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటే నురగ సరిగా రాదని పుస్తకంలో ఉన్న వాక్యం ఆ రోజు పిల్లల చేతుల్లోనే తేలింది.

ఒకే బడిలో ఈ పాఠం చెప్పి ఉంటే అన్ని గ్లాసుల్లో దాదాపు ఒకే ఫలితం వచ్చేది. డెల్టా పైనుంచి కింద దాకా బడులు కలిసి ఉండబట్టే తేడా కనబడింది. టీచర్ కొరత తీర్చడానికి మొదలుపెట్టిన ఏర్పాటు, టీచర్లందరూ ఉన్న బడికి కూడా ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

వరద రోజులు

2024 జూలైలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక వచ్చినప్పుడు లంక బడులకు సెలవులు ఇచ్చారు. 13 లక్షల క్యూసెక్కులు దాటితే ఇచ్చే హెచ్చరిక అది. 2022 జూలైలో 25 లక్షలు దాటిన వరద చూసిన ఊళ్లకు అది పెద్దది అనిపించకపోవచ్చు. కానీ కాజ్‌వేలు మునిగి, రేవుల్లో వేసిన తాత్కాలిక బాటలు కొట్టుకుపోవడానికి అంత అవసరం లేదు. ఆ రోజుల్లో పునరావాస కేంద్రంలో ఉన్న పిల్లలతో తరగతి నడపాలని కొందరు సభ్యులు సూచించారు. సంఘం వద్దనుకుంది. సామాన్లు అటకెక్కించి, గేదెల్ని గట్టుమీదికి తోలుకొచ్చిన ఇంట్లో పిల్లలకు ముందు కావాల్సింది తిండి, నిద్ర. వాళ్లు తిరిగి బడికి వచ్చాక, పోయిన పాఠాలను ఎగువ బడుల టీచర్లు సాయంత్రం పూట మళ్లీ చెప్పారు. ఎగువ పిల్లల్లో కొందరు విన్న పాఠమే అయినా కూర్చున్నారు.

పరికరాలను ఈసారి వరదకు ముందే పైఅంతస్తుకు చేర్చాం. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక రాగానే బ్యాటరీ, రౌటర్, మైకు విప్పి పైకి తీసుకెళ్లాలనే నియమాన్ని ప్రతి బడి గోడ మీద రాయించాం.

లైను, కరెంటు, మైకు

మన వైపు ఫైబర్ కేబుల్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. గాలికి కొబ్బరి మట్ట పడినా, చెట్టు ఒరిగినా తెగుతుంది. తెగిన లైను బాగుచేయించడానికి కొన్నిచోట్ల రోజుల తరబడి తిరగాల్సి వచ్చింది. అందుకని లైను బాగాలేనప్పుడు బొమ్మ ఆపేసి గొంతు మాత్రం ఉంచాలని టీచర్లకు నేర్పించాం. మాట స్పష్టంగా వినబడటానికి సెకనుకు 50 కిలోబిట్లు చాలు, మంచి బొమ్మకు దానికి ఇరవై రెట్లు పైనే కావాలి. పాఠం బొమ్మలు ముందురోజే బడికి చేరి ఉంటాయి కాబట్టి, మొబైల్ సిగ్నల్ మీద గొంతు ఒక్కటి వచ్చినా తరగతి ఆగలేదు.

బొమ్మ మసకగా ఉంటే పిల్లలు ఓర్చుకుంటారు, మాట మోగుతుంటే ఓర్చుకోలేరు. రేకుల గదుల్లో ఈ మోత చాలా ఎక్కువ. గోడలకు పాత దుప్పట్లు కట్టించి, మైకు పిల్లల దగ్గరికి జరిపితే చాలావరకు తగ్గింది. ప్రభుత్వం ఇచ్చిన డిజిటల్ ప్యానెళ్లనే వాడుకున్నాం కాబట్టి తెరల ఖర్చు మనకు పడలేదు. సముద్రం దగ్గరి బడుల్లో ఉప్పుగాలికి ప్లగ్గులు తుప్పు పడుతున్నాయి, నెలకోసారి తుడిపించాలి.

జమాఖర్చుల పట్టికను ఈ నివేదికతో పాటు ప్రతి సభ్యుడికీ విడిగా ఇస్తున్నాం. ఖర్చులో ఎక్కువ భాగం ఇన్వర్టర్ బ్యాటరీలకూ, ఇంటర్నెట్ చందాలకూ పోయింది. గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్న మన ఊళ్లవాళ్లు పంపిన విరాళాలు ఏడాదంతా ఆదుకున్నాయి. పిల్లల దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. ప్రయోగాల పెట్టెల్ని ఏరు దాటించిన పడవవాళ్లు కిరాయి తీసుకోలేదు. ఆ సాయం పట్టికలో కనబడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వచ్చే ఏడాదికి

కావాల్సినవి చాలా ఉన్నాయి. బయాలజీ కూడా కలపమని లంక బడుల తల్లిదండ్రుల కమిటీలు అడుగుతున్నాయి. పదో తరగతిలో సైన్స్ రెండు పేపర్లుగా ఉంటుంది కాబట్టి ఒకటి చెప్పి రెండోది వదిలేయడం న్యాయం కాదు. హిందీ గురించీ అడిగారు. కానీ గది టీచర్లకు ఇప్పుడున్న పనే ఎక్కువ. కొత్త సబ్జెక్టు కలపాలంటే ముందు వాళ్ల మీద భారం తగ్గాలి. డిగ్రీ పూర్తిచేసి ఊళ్లో ఉన్న యువతీయువకులు గదిలో సహాయంగా ఉంటే, సంఘం వారికి కొంత గౌరవ వేతనం ఇవ్వాలన్నది కార్యవర్గం ప్రతిపాదన. దీనికి సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి. దానికయ్యే అదనపు సొమ్మును సభ్యత్వ రుసుం పెంచి తేవాలా, ప్రత్యేక విరాళాలు అడగాలా అన్నది కూడా అక్కడే తేల్చుకుందాం.

వచ్చే వానాకాలంలోపు పాత బ్యాటరీలు మార్చాలి. ఈ విషయాల మీద మీ అభిప్రాయాలను సమావేశానికి ముందే కార్యవర్గ సభ్యుల్లో ఎవరికైనా చెప్పండి. రాలేనివాళ్లు కాగితం మీద రాసి పంపినా, దాన్ని సమావేశంలో చదివి వినిపిస్తాం. లెక్కల పుస్తకాలు, రసీదులు సంఘం కార్యాలయంలో ఉన్నాయి. ఏ సభ్యుడైనా ఏ రోజు సాయంత్రమైనా వచ్చి చూసుకోవచ్చు.

కార్యదర్శి
కార్యవర్గం తరఫున