అమ్మాయికి, థైరాయిడ్ రిపోర్టు విషయమై

పర్లాకిమిడి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నువ్వు భువనేశ్వర్ నుంచి ఫోనులో పంపిన రిపోర్టు రెండు పేజీలూ నిదానంగా చూశాను. టీఎస్‌హెచ్ 7.2 అని ఉంది. ఆ ల్యాబు వేసుకున్న హద్దు 0.4 నుంచి 4.5 వరకు. ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ గ్రంథి చేసి రక్తంలోకి వదిలే హార్మోను, మాత్రం 1.1, అంటే 0.8కీ 1.8కీ మధ్య, ఉండవలసిన చోటే ఉంది. ముద్దగా అచ్చువేసిన ఆ ఒక్క అంకే నీ కంటబడిందనీ, ఇక జీవితాంతం బిళ్ల మింగవలసిందేనని మందుల షాపులో ఎవరో చెప్పారనీ, రాత్రి నిద్రపోలేదనీ అమ్మతో అన్నావట. ఉద్యోగమంతా ఆసుపత్రి ల్యాబులో రక్తపు శాంపిళ్ల మధ్యే గడిపినవాడిని కనుక, ఈ రిపోర్టును ఎలా చదవాలో, ఎక్కడ ఆగవచ్చో, ఎక్కడ ఒక్క రోజు కూడా ఆగకూడదో వివరంగా వ్రాస్తున్నాను. కాగితం మీద ఉంటే అల్లుడుగారు కూడా చదువుతారు, డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వెంట ఉంటుంది.

టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్ గ్రంథి కాదమ్మా, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ. రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గుతోందని దానికి తెలియగానే, పని చేయమని గొంతు దగ్గర ఉన్న థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్‌ను పంపుతుంది. పలకని ఇంటి తలుపును ఇంకా ఇంకా గట్టిగా తట్టినట్టు, గ్రంథి ఎంత మందగిస్తే టీఎస్‌హెచ్ అంత పెరుగుతుంది. అందుకే టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉన్నదంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నదని అర్థం. రిపోర్టు చేత్తో పట్టుకుని "థైరాయిడ్ ఎక్కువైంది" అని బెంగపడిన వాళ్లను ల్యాబు కిటికీ దగ్గర ఎంతమందిని చూశానో. పైగా పిట్యూటరీ చాలా సున్నితమైనది. ఫ్రీ టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా పెరగగలదు. కాబట్టి 4.5 లోపు ఉండవలసింది 7.2 అయిందంటే గ్రంథి చచ్చుబడిపోయిందని కాదు, కాస్త కష్టపడి పనిచేస్తున్నదని మాత్రమే. టీఎస్‌హెచ్ పెరిగి, ఫ్రీ టీ4 ఇంకా హద్దులోనే ఉన్న ఈ స్థితిని డాక్టర్లు సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. ఫ్రీ టీ4 కూడా పడిపోతే అప్పుడు అది పూర్తిస్థాయి లోపం. ఇక పిట్యూటరీయే దెబ్బతింటే టీఎస్‌హెచ్ మామూలుగా కనబడుతూనే ఫ్రీ టీ4 తగ్గిపోతుంది. అది అరుదు, కానీ ఈ రెండు అంకెలనూ ఎప్పుడూ కలిపే చూడాలని నేను పట్టుబట్టడానికి అదీ ఒక కారణం.

ఆ అంకె ఒక్కసారి పెరిగినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు, రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. పెద్ద జ్వరం వచ్చి తగ్గుతున్న రోజుల్లో తాత్కాలికంగా పెరిగి, మనిషి తేరుకోగానే దిగివస్తుంది. నీకు జ్వరం తగ్గిన కొద్ది రోజులకే ఈ రక్తం ఇచ్చావని మరచిపోకు. ఇంత స్వల్పంగా పెరిగినవాళ్లలో చాలామందికి రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఏ మందూ లేకుండానే హద్దులోకి వస్తుంది. అందుకే 10 దాటని టీఎస్‌హెచ్‌కు, ఫ్రీ టీ4 బాగున్నప్పుడు, వెంటనే బిళ్ల వ్రాయకుండా మళ్లీ పరీక్ష చేయించమనే డాక్టరే నా దృష్టిలో జాగ్రత్త గల డాక్టరు.

అయితే నీ విషయంలో ఈ ఆగడానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. సంతానం కోసం ఎదురుచూస్తున్నామని నువ్వు అమ్మతో చెప్పిన మాట నా చెవిన కూడా పడింది, సిగ్గుపడవలసిన పని లేదు. గర్భం నిలిచిన మొదటి మూడు నెలలూ బిడ్డకు సొంత థైరాయిడ్ ఇంకా పనిలోకి రాదు. ఆ రోజుల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోను అంతా తల్లి నుంచే అందాలి. అందుకే బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న స్త్రీకి థైరాయిడ్ లోపం ఉంటే టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూడాలని డాక్టర్లు అనుకుంటారు, వేరే వాళ్లకైతే ఆగమనే అంకెకే మందు మొదలుపెట్టవచ్చు. కాబట్టి రెండు మూడు నెలల మాట నీకు వర్తించదు. ఈ వారంలోనే గైనకాలజిస్టునో, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టునో కలిసి, సంతానం అనుకుంటున్నామన్న మాట ముందుగా చెప్పి, ఆ తర్వాతే రిపోర్టు చూపించు. ఆ ఒక్క మాటతో వాళ్ల నిర్ణయం మారవచ్చు. బిళ్ల మొదలయ్యాక గర్భం నిలిస్తే, తెలిసిన రోజే డాక్టరుకు ఫోను చెయ్యి, ఎందుకంటే ఆ సమయంలో మందు అవసరం నాలుగో వంతు పైగా పెరుగుతుంది, సగం కాలం గడిచేదాకా సుమారు నాలుగు వారాలకొకసారి పరీక్ష చేయించవలసి ఉంటుంది. గర్భం వచ్చిందని భయపడి బిళ్ల ఆపేసే ఆడపిల్లలు ఉంటారు. అది ఎన్నడూ చేయకు.

యాంటీ టీపీఓ అనే పరీక్ష కూడా ఒకసారి చేయించమని అడుగు. మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంటే ఆ యాంటీబాడీలు కనబడతాయి. జపాను డాక్టరు హషిమోటో 1912లో వర్ణించిన ఆ జబ్బు, అయోడిన్ చాలినంత అందే ప్రాంతాల్లో థైరాయిడ్ మందగించడానికి ముఖ్యకారణం. అవి ఉంటే ఈ స్వల్ప పెరుగుదల ముందుముందు ముదిరే అవకాశం ఎక్కువ, కాబట్టి ఏటేటా చూపించుకోవాలి. లేకపోతే కొంత నిశ్చింత.

నువ్వు చెప్పిన అలసట, జుట్టు రాలడం, మలబద్ధకం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, ఏసీ గదిలో ఎముకలు కొరికే చలి, ఇవన్నీ థైరాయిడ్ లోపంలో వచ్చేవే. కానీ రెండో పేజీ చూశావా? అక్కడ హిమోగ్లోబిన్ 9.8 అని ఉంది. ఆడవాళ్లకు అది 12 ఉండాలి. ఈ అలసటలో సగానికి సగం రక్తహీనతదే కావచ్చు, జుట్టు రాలడంలో కూడా దాని పాలు ఉండవచ్చు. థైరాయిడ్ ఒక్కదానికే నింద మోపి రక్తహీనతను వదిలేస్తే, టీఎస్‌హెచ్ దారికి వచ్చినా నీ ఒళ్లు తేలికపడదు. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, విటమిన్ బీ12 పరీక్షలు కూడా అడుగు. ఇనుము తగ్గితే హార్మోను తయారీకి కావలసిన ఎంజైము కూడా సరిగా పనిచేయదు, కాబట్టి ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వేసుకుంటున్నావు కదా, పరీక్షకు రెండు మూడు రోజుల ముందు వాటిని ఆపి, వాడిన సంగతి ల్యాబులో చెప్పు. కొన్ని యంత్రాల మీద అవి టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపించి జబ్బును దాచేస్తాయి. బరువు సంగతి కూడా చెబుతాను. థైరాయిడ్ లోపం వల్ల పెరిగేది సాధారణంగా రెండు నాలుగు కిలోలు, అదీ ఎక్కువగా ఉప్పూ నీరూ ఒంట్లో నిలవడం వల్లే. మిగతాదానికి తిండి, నడక చూసుకోవలసిందే.

డాక్టరు లెవోథైరాక్సిన్ వ్రాస్తే భయపడకు. మన గ్రంథి చేసే హార్మోనే అది. ఐతే దాని మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, 25కూ 125కూ చాలా తేడా, అందుకే షాపువాడు ఇచ్చిన సీసా మీద అంకె చదివి తీసుకో. గ్రంథి పూర్తిగా పనిచేయని మనిషికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు పడుతుంది. నీకు అంత అవసరం రాకపోవచ్చు. పొద్దున లేవగానే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు టీ, కాఫీ, టిఫిను ఏవీ వద్దు. ఐరన్ బిళ్లకూ కాల్షియం బిళ్లకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఎందుకంటే అవి ఈ మందును పేగుల్లోనే పట్టేసుకుంటాయి. మీ అమ్మకు మోతాదు సరిగ్గా ఉన్నా ఒకసారి టీఎస్‌హెచ్ పెరిగిపోతే, విచారించగా కీళ్ల కోసం పొద్దుటే వేసుకుంటున్న కాల్షియమే కారణమని తేలింది. రెండిటినీ విడదీశాక మోతాదు పెంచకుండానే సర్దుకుంది. నువ్వు ఇప్పుడు ఐరన్ కూడా మొదలుపెట్టబోతున్నావు కనుక ఈ మాట నీకు మరీ ముఖ్యం.

ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. అందుచేత ఒక రోజు మరచిపోతే కంగారు లేదు, కానీ మోతాదు మార్చిన ఫలితం తెలియడానికి ఆరు వారాలైనా ఆగాలి. రెండో వారంలో పరీక్షించి ఇంకా దిగలేదని మోతాదు పెంచుకునేవాళ్లు తమకు తామే హాని చేసుకుంటారు. అవసరానికి మించితే గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంటే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే బిళ్ల వేసుకో, ఎప్పుడూ అదే ల్యాబులో, ఉదయం పూటే ఇవ్వు. ల్యాబు మారితే యంత్రం మారుతుంది, హద్దులు కూడా మారతాయి, పాత కొత్త అంకెలు పోల్చడం కష్టమవుతుంది.

తిండి విషయంలో మీ అత్తగారు క్యాబేజీ, కాలీఫ్లవర్ మాన్పించారని విన్నాను. ఆమె ప్రేమకు నమస్కారం, కానీ ఉడికించి మామూలుగా తింటే వాటివల్ల నష్టం లేదు. చోడి (రాగి) అంబలి తాగు, ఆకుకూరలు, చేపలు, గుడ్లు తిను. అసలు చూడవలసింది ఉప్పు. నా ఉద్యోగపు మొదటి రోజుల్లో కొండల మీద సవర పల్లెల నుంచి గలగండంతో, అంటే థైరాయిడ్ ఉబ్బి మెడ ముందు వాపుతో, వచ్చే ఆడవాళ్లను చూసేవాడిని. 1962లోనే ప్రభుత్వం గలగండ నివారణ పథకం ప్రారంభించినా, అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని దేశమంతటా నిషేధం మళ్లీ అమల్లోకి వచ్చింది 2006లో. నౌపడ వైపు నుంచి వచ్చే కల్లుప్పు రుచిగా ఉంటుందని ఊరగాయలకు వాడితే వాడు, రోజువారీ వంటకు మాత్రం అయోడిన్ ఉప్పే తెచ్చుకో, మూత బిగించి పెట్టు. అలాగని అయోడిన్ బిళ్లలు, సముద్రపు నాచు పొడులు మింగవద్దు. అతి అయోడిన్ కూడా ఈ గ్రంథిని చెడగొడుతుంది.

మెడ ముందు వాపు కనబడినా, మింగడం కష్టమైనా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, బిళ్ల మొదలయ్యాక ఛాతీలో నొప్పి వచ్చినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెంటనే వెళ్లండి.

డాక్టరును కలిసిన సాయంత్రం మందుచీటీ, కొత్త రిపోర్టు రెండు పేజీలూ హద్దులతో సహా ఫొటో తీసి పంపు. అల్లుడుగారికి మా ఆశీస్సులు చెప్పు. ఐరన్ బిళ్లలు మధ్యాహ్నం భోజనమయ్యాక వేసుకునేలా ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.

ఆశీస్సులతో,
నాన్న